నైరుతి తలుపు ఉన్న పటం

మా ముత్తాత ఉదయగిరి కొండ కింద ఏడు ఊళ్ళకు కరణం. ఆయన తండ్రీ కరణమే. మా తాత గొలుసు పట్టించి పొలం కొలిచి గీత గీస్తే, తగాదా పడ్డ అన్నదమ్ములు నోరు మూసుకుని ఆ గీతకు అటొకరు ఇటొకరు దున్నుకునేవారు. తాలూకా కచేరీలో ఆయనకు కుర్చీ వేసేవారు. కరణీకాలు రద్దయినప్పుడు మా నాయన గ్రామపటాలను మూటగట్టి అప్పగించి వచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదని అవ్వ చెప్పేది. తర్వాత పొలాలు పోయాయి. ఎట్లా పోయాయో రాయడం నాకిష్టం లేదు.

నేను ఆత్మకూరులో బట్టలు కుట్టే ఒక కంపెనీలో ఆఫీసు వ్యవహారాలు చూస్తాను. ఉదయగిరి నుంచి రోజూ బస్సులో వస్తాను. ప్రమాదం జరిగితే జనం ఎటు బయటపడాలో చూపే పటాలు గీయడం, మిషన్లు జరిపినప్పుడల్లా, అడ్డుగోడ లేచినప్పుడల్లా వాటిని మార్చడం, అడుగున సంతకం చేయడం నా పని. కంప్యూటరులో గీయించమన్నారు. స్కేలు పెట్టి చేత్తోనే గీస్తానన్నాను. మొదట్లో అన్నిట్లోనూ ఉత్తరం పైకి పెట్టాను. మా ఇంట్లో పటమంటే అంతే. కానీ ఇక్కడ చదివే మనిషి ఎటు తిరిగి నిలబడతాడో ఆ దిక్కే పైకి ఉండాలి. లేకపోతే కంగారులో కుడి ఎడమవుతుంది. అది ఒప్పుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఒప్పుకున్నాక ఐదు చోట్ల పెట్టే ఐదు పటాలనూ వేటికవి తిప్పి గీశాను.

కంపెనీ కింది అంతస్తులో గుడ్డల గోదాము. పైన అరవై మంది ఆడవాళ్ళు కుడతారు. అనుమసముద్రంపేట నుంచి, మర్రిపాడు నుంచి ఆటోల్లో వస్తారు. పైనుంచి దిగడానికి రెండు దారులుండేవి. ముందు మెట్లు గోదాము పక్కగా దిగుతాయి. గుడ్డ అంటుకుంటే పొగ మొదట కమ్మేది ఆ మెట్లనే. అందుకే వెనక నైరుతి మూల ఒక తలుపు, దాని బయట ఇనుప మెట్లు పెట్టారు.

యజమాని నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. వాళ్ళ తాత ఉదయగిరిలో కొట్టు పెట్టుకోవడానికి మా తాత దగ్గర నిలబడి కాగితాలు రాయించుకున్నాడు. ఆ మాట నేనెప్పుడూ ఎత్తలేదు.

ఒక ఏడు ఆర్డర్లు తగ్గాయి. యజమాని వాస్తు చూసే ఆయన్ను పిలిపించాడు. ఆయన మిద్దెంతా తిరిగి, నైరుతి తలుపు దగ్గర ఆగి తల అడ్డంగా ఊపాడు. పనివాళ్ళకు రెండు రోజులు సెలవిచ్చారు. మేము తిరిగి వచ్చేసరికి తలుపు చోట ఇటుక గోడ, దాని మీద తెల్లటి సున్నం. పైన బయటికి దారి అని చూపే ఆకుపచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

"పటం మార్చాలి," అన్నాను.

"మారిస్తే తనిఖీలో ఆపేస్తారయ్యా. ఆర్డర్లు రానీండి, తలుపు మళ్ళీ తెరిపిస్తా. అంతదాకా అట్టే ఉండనీండి. మీ ఇంటి సంతకం ఉంటే ఎవురూ వేలు పెట్టరు."

మా ఇంటి సంతకం అన్న మాటకు నా వెన్ను నిటారైంది. తలుపు చూపే పటాల కిందే ఆ ఏడాది కూడా సంతకం పెట్టాను.

ఆ తర్వాత మిద్దె ఎక్కినప్పుడల్లా నా చూపు వైర్ల మీద పేరుకున్న గుడ్డ నూగు మీదికే పోయేది. ఇస్త్రీ బల్లల దగ్గర కాలిన వాసన ఎప్పుడూ ఉండేదే. ఇప్పుడది కొత్తగా తగిలేది.

ఆరు నెలలకొకసారి చేసే డ్రిల్లు రోజు వచ్చింది. యజమాని నెల్లూరు వెళ్ళాడు. ఎప్పటిలాగే ముందు మెట్లను పొగ కమ్మిందనుకోమని చెప్పి, గంట కొట్టించి, ఎర్రగుడ్డ పట్టుకుని ఆ మెట్లకు అడ్డంగా నిలబడ్డాను. పాతవాళ్ళంతా నా ముందుకు వచ్చి ఆగారు. వాళ్ళలో పెద్దామె, అనుమసముద్రంపేట నుంచి వచ్చే ముస్లిం ఆవిడ, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"తప్పుకుంటారా సారూ, మమ్మల్ని ఈడే కాలిపొమ్మంటారా?"

"పటం చూడమ్మా."

"మాకు పటమెందుకు సారూ? గోడ కండ్ల ముందే ఉండాది గదా. నా బురఖాకు అంటిన సున్నం ఇంకా పోలా."

అందరూ నవ్వారు. అప్పుడే నైరుతి మూలకు పోయే వెనక నడవాలోంచి అరచేతులతో గోడను బాదుతున్న చప్పుడు వినబడింది. ఆ నెలలో కొత్తగా చేరిన పదకొండు మంది, నేను నేర్పినట్టే పటం చూసుకుని, బాణం గుర్తుల వెంట పోయారు. నడవా ఇరుకు. ముందున్న మనిషి గోడకు అదుముకుపోయినా, వెనకవాళ్ళు నెడుతూనే ఉన్నారు. వాళ్ళ నెత్తిన ఆకుపచ్చ లైటు. ఇది డ్రిల్లే, ఆగండని నేను ఎంత అరిచినా వెంటనే వినబడలేదు.

ఇవతలికి లాక్కొచ్చాక, అందరికంటే ముందు పోయిన మర్రిపాడు అమ్మాయి గీరుకుపోయిన మోచేయి తుడుచుకుంటూ నన్ను చూసింది.

"సారూ, పటంలో తలుపుండాది. కింద మీ సంతకం ఉండాది. నేనేమన్నా తప్పు తిరిగినానా?"

"లేదమ్మా. నువ్వు సరిగ్గానే పోయినావు."

"మరి నిజంగా కాలితే?"

"నిజంగా కాలితే సారు ఇంకో పటం గీస్తాడులేమ్మే," అంది పెద్దామె. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రమే ఐదు పటాలూ దింపి కొత్తవి గీశాను. నైరుతి మూల గోడను నల్లగా దిద్దాను. దారి ఒక్కటేనని కింద రాశాను. మర్నాడు యజమాని వాటిని చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇవి గోడకు పెడితే కంపెనీ మూసుకోవాల."

"తలుపు తెరవండి. మూయక్కర్లేదు."

"మీ తాత గీత గీస్తే చెరువు కూడా పొలమయ్యేదంట గదయ్యా. మా తాత చెప్పేవాడు. ఈ ఒక్క తలుపు మీకు బరువైందా?"

ఆ చెరువు సంగతి మా ఇంట్లోనూ గుసగుసగా విన్నాను. పటాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మరుసటి ఉదయం గోడల మీద పాత పటాల నకళ్ళు వేలాడుతున్నాయి. అడుగున నా సంతకం. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని తనిఖీ కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపాను. చేరినట్టు రసీదు వచ్చింది. మనిషి రాలేదు.

ఉద్యోగం మానలేదు. మానితే కొత్తవాళ్ళకు చెప్పే దిక్కుండదు. ఎవరు చేరినా మొదటి రోజే వెనక నడవాలోకి తీసుకుపోయి, ఆ సున్నం మీద చెయ్యి పెట్టిస్తాను. పటం ఏం చూపినా ఇది గోడ అని చెబుతాను. ముందు మెట్లు పొగ కమ్మితే ఎటు పోవాలని వాళ్ళు అడుగుతారు. కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు. గోడ పగలగొడితే అవతల మెట్లున్నాయని, గునపం ఒకటి నడవాలో పెట్టించాను.

ఆ వేసవిలో ఇనుప మెట్లను గ్యాసుతో కోయించి, తుక్కు కింద అమ్మేశారు.