పావుకిలో తక్కువ

నేను ఒక్క సీటు మాత్రమే ఉండే రేసు కార్లు నడుపుతాను. నిరుడు జాతీయ జూనియర్ పోటీల్లో సీజనంతా ఏదీ కలిసిరాలేదు. ఒకసారి ఇంజను ఆగిపోయింది, ఇంకోసారి వెనకనుంచి ఎవడో వచ్చి గుద్దాడు. మిగిలిన ఆశ చివరి రేసే. దానికి వరంగల్ నుంచి అమ్మ కూడా చెన్నై వచ్చింది, సర్వపిండి డబ్బాతో.

"జర రెండు ముక్కలన్న తిను బిడ్డా" అని పొద్దుటినుంచీ నా వెంటే తిరిగింది. బరువు పెరిగితే కారు వేగం తగ్గుతుందని విసుక్కుని, నేను ముట్టుకోలేదు.

ఆ ఎండలో చెమటలు కక్కుతూ మూడో స్థానంలో వచ్చాను. రేసు అయ్యాక కారునూ డ్రైవరునూ కలిపి తూస్తారు. ఉండాల్సిన బరువుకన్నా పావుకిలో తక్కువున్నామని నా ఫలితం కొట్టేశారు!

అమ్మ వెంటనే డబ్బా మూత తీసి అధికారికి అడ్డంగా నిలబడింది.

"సారూ, జర ఆగుండ్రి! పిల్ల ఇప్పుడే తింటది, మళ్ల జోకుండ్రి!"

మాట అర్థం కాకపోయినా డబ్బా చూసి అందరూ నవ్వారు. నేను సిగ్గుతో హెల్మెట్ తీయలేదు.

తిరుగు రైల్లో కసిగా డబ్బా అంతా ఖాళీ చేశాను. సర్వపిండి దిగింది గానీ, ఆ పావుకిలో మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.