నార్సింగి ఎత్తు మీద పడ్డ చెయ్యి

1998 చలికాలం. అప్పుడు నేను బాలానగర్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఆదివారాల్లో రోడ్డు సైకిల్ పోటీలకు కమిసేర్‌గా వెళ్లేవాణ్ణి. కమిసేర్ అంటే పోటీలో తప్పొప్పులు తేల్చే అధికారి, క్రికెట్‌లో అంపైర్ లాంటివాడు. కాకపోతే అంపైర్ ఒకచోట నిలబడతాడు, కమిసేర్ మోటారుసైకిల్ వెనక సీట్లో కూర్చుని పోటీదారుల వెంట తిరుగుతాడు.

ఆ ఏడాది బాలికల రాష్ట్ర జట్టు ఎంపిక పోటీని కొండాపూర్ నుంచి నార్సింగి మీదుగా వెళ్లి తిరిగొచ్చేలా పెట్టాం. మాదాపూర్ వైపు పెద్ద పెద్ద భవనాలు లేస్తున్నాయి గాని, కొండాపూర్ దాటితే అంతా బండరాళ్లు, సీతాఫలం పొదలు, అక్కడక్కడా జొన్నచేలు. రోడ్డు ఒక గుట్ట ఎక్కి, దిగి, మళ్లీ ఇంకో గుట్ట ఎక్కుతుంది. పొద్దున్నే వెళ్తే మన సైకిల్ చైను చప్పుడు మనకే వినిపించేది. సైకిల్ పోటీకి అంతకంటే మంచి దారి నేను చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు నార్సింగి దాటాక వచ్చే ఎత్తు మాత్రం గట్టి పిల్లల కాళ్లనైనా వణికించేది.

ముందురోజు నేను నార్సింగి వెళ్లి, పోటీ జరిగే కాసేపు రోడ్డు మీదికి పశువులు రాకుండా చూడమని అక్కడి పాలవాళ్లను అడిగాను. వాళ్లలో పెద్దవాడు మల్లయ్య. అరవై దాటిన మనిషి. రోజూ సైకిల్‌కు రెండు పాల క్యాన్లు తగిలించుకుని కొండాపూర్ దాకా వచ్చి పోసేవాడు.

"బర్లను ఆపాలె, గంతేనా సార్?" అన్నాడు. "మా బర్లకు సైకిళ్లంటె భయం లేదు. మీ పిల్లలకే బర్లంటె భయమేమో, జర జూస్కోండ్రి."

అందరూ నవ్వారు. ఆయనే మళ్లీ అడిగాడు, "గెలిస్తె ఏమిస్తరు?"

"మొదటి ఇద్దర్నీ రాష్ట్ర జట్టులోకి తీసుకుంటామండి."

"తినేటందుకు?"

"అరటిపళ్లు."

"గీ గుట్టలన్ని ఎక్కించి అరటిపండ్లా? మంచిగున్నది మీ కథ!"

మాట ప్రకారం మర్నాడు బర్రెల్ని ఒక్కదాన్నీ రోడ్డెక్కనివ్వలేదు. నేను అందరికంటే ముందు వెళ్తున్న అమ్మాయి వెంట ఉన్నాను. వెనక ఆ ఎత్తు మీద ఏం జరిగిందో చూడలేదు.

కొండాపూర్‌లో ముగింపు గీత దాటిన పిల్లల్లో రెండోది సునీత. పదిహేడేళ్లది. వాళ్ల నాన్న బాలానగర్‌లో లేతు పని చేసేవాడు. ఆ వర్క్‌షాపు మూతపడి అప్పటికి చాలా నెలలైంది. రాష్ట్ర జట్టుకు ఆడివస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఒక్క ఆశతోనే ఇంట్లోవాళ్లు ఆ పిల్లను ఇంకా సైకిలెక్కనిస్తున్నారు. ఈ సంగతి మాలో చాలామందికి తెలుసు.

ఆమె ఇంకా ఆయాసం తీర్చుకోకముందే మూడోస్థానంలో వచ్చిన అమ్మాయి మేనేజరు ప్రొటెస్ట్ ఇచ్చాడు. అంటే, ఫలితం మీద రాతపూర్వకమైన అభ్యంతరం. నార్సింగి ఎత్తు మీద ఒక పాలాయన సునీత సైకిల్‌ను వెనకనుంచి తోశాడని, తన కారులోంచి చూశానని అన్నాడు. దారినపోయేవాళ్లు ఎవరైనా తోయబోతే, పోటీదారు నోటితోనో చేత్తోనో వద్దనాలి. వద్దంటే తప్పు లేదు. మాట్లాడకుండా ఒప్పుకుంటే డిస్‌క్వాలిఫై, అంటే పోటీ నుంచి తొలగింపు. ఆ రోజు మేం పెట్టుకున్న నియమం అది. పిల్లలందరికీ ముందే చెప్పాం.

సునీతను పిలిచి అడిగాను.

"వద్దు తాతా అని చెప్పిన సార్. ఆయనకు ఇనబడలేదేమో," అంది.

వద్దనడం తను చూడలేదన్నాడు మేనేజరు. తీర్పు చెప్పాల్సిన మా ముగ్గురు కమిసేర్లకీ పాలుపోలేదు. సరిగ్గా అప్పుడే మల్లయ్య, పాలు పోసేసి, ఖాళీ క్యాన్లు గలగలమంటుంటే మా టెంటు దగ్గరికొచ్చి సైకిల్ దిగాడు.

"ఏం సార్, మా పిల్ల గెల్సిందా?"

తోసింది ఈయనేనని ఆ మాటతో తెలిసిపోయింది. నాకప్పటికి పాతికేళ్ల అనుభవం. సంగతంతా చెప్పి అడిగితే సాక్షి జవాబును సర్దుకుంటాడని, మామూలుగా మాట్లాడుతున్నట్టే అడగాలని నా పద్ధతి. ఆ పద్ధతి ప్రకారమే నవ్వుతూ ఎదురెళ్లాను.

"పొద్దున ఆ అమ్మాయికి మీరు సాయం చేశారటగా, మల్లయ్యగారూ?"

ముందురోజు ఆయన్ను గారు అనలేదు. జవాబు కావాల్సివచ్చాక నా నోటికి ఆ మాట వచ్చింది. ఆయన మొహం విచ్చుకుంది. కృతజ్ఞత చెబుతున్నాననుకున్నాడు.

"చేసిన సార్. ఎందుకు చెయ్య? ఆ గుట్ట మీద పాల సైకిల్ ఎక్కుతుంటె ఎనుక వచ్చెటోడు చెయ్యేస్తడు. ఎవరి సైకిలని సుత జూడం. ఈ పిల్ల సైకిల్‌కు క్యారియరే లేకపాయె. సీటెన్క చెయ్యివెట్టి నాలుగడుగులు ఉరికి నూకిన."

"ఆ అమ్మాయి వద్దనలేదా?"

"ఎందుకంటది సార్? నూకుతుంటె ఎవరన్న వద్దంటరా? ఎనుకకు మర్లి సూసి నవ్వింది. బంగారమసొంటి పిల్ల!"

మేనేజరు చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. టెంటు గుంజను ఆనుకుని నిలబడ్డ సునీత తల వంచుకుంది.

నిర్ణయానికి మాకు ఎంతోసేపు పట్టలేదు. మెగాఫోన్‌లో నేనే ప్రకటించాను. అదేమిటో అర్థంకాక మల్లయ్య నా దగ్గరికొచ్చాడు. నేను చెప్పేలోపే సునీత చెప్పింది.

"నన్ను తీసేసిన్రు తాతా. నువ్వు తప్పు చెయ్యలే. నేను వద్దనాల్సుండె, అనలే. అన్ననని ఈళ్లకు అబద్ధం జెప్పిన."

"ఎరుకుండి ఎందుకు అనలే బిడ్డా?"

"కాళ్లు గుంజుతుండె. నీ చెయ్యి పడంగనే పానం లేసొచ్చినట్టయింది."

ఆయన కాసేపు తన కుడిచేతిని చూసుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. కోపంగా లేడు. ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

"అడిగేటప్పుడే గీ సంగతి ఎందుకు చెప్పలే సార్?"

"చెబితే మీరు నిజం చెప్పరేమోనని..."

"ఏమో సార్. నిజమే చెప్తుంటినో, ఆ పిల్ల మొఖం జూసి అబద్ధమే ఆడుతుంటినో, నాకే తెల్వది. గని గది నేను తేల్చుకునే ముచ్చట. మీరు గారు, గీరు అనుకుంట నవ్వుకుంట నా నోట్లకెల్లి గుంజుకున్నరు."

చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది నాకంటే చిన్నవాళ్లు, కొందరు నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు. వాళ్ల ముందు మొహం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. మల్లయ్య సునీత తలమీద చెయ్యి వేయబోయి, ఇప్పుడు వేయవచ్చో లేదో అన్నట్టు ఆగి, వెనక్కి తీసుకున్నాడు. క్యాన్లు చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రాత్రి డైరీలో ఫలితాలన్నీ వరసగా రాశాను. చిన్నప్పటినుంచీ ఏ రోజు విషయం ఆ రోజే రాయడం నాకు అలవాటు. మల్లయ్య అన్నమాట మాత్రం ఆ రోజు రాయలేకపోయాను. సునీత తర్వాతి పోటీలకు రాలేదు.

ఆ తీర్పు తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఆ నియమంతో, ఆ సాక్ష్యంతో మళ్లీ కూర్చోబెట్టినా అదే తీర్పు చెబుతాను. సిగ్గుపడేది తీర్పుకు కాదు. తన చేతి మంచితనాన్ని చెప్పుకుంటున్నాననుకున్న మనిషి చేత, అతనికి తెలియకుండా, ఒక ఆడపిల్లను అందరి ముందూ అబద్ధాలకోరని చెప్పించాను. అది నా నేర్పు అనుకున్నాను కూడా.

ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా ఎన్నో పోటీలకు కమిసేర్‌గా కూర్చున్నాను. ఎవర్ని ఏది అడగాల్సివచ్చినా ముందుగా చెప్పేవాణ్ణి: "ఇది తీర్పు కోసం అడుగుతున్నానండి. మీ జవాబును బట్టి ఫలానా వాళ్లకి ఫలానాది పోవచ్చు. ఆలోచించుకుని చెప్పండి." తోటి అధికారులు విసుక్కున్నారు, ఇలాగైతే నిజం బయటపడదన్నారు. వాళ్లన్నదీ కొంత నిజమే. కొందరు నా కళ్లలోకి చూస్తూనే అబద్ధం చెప్పారు. వాటిని నమ్మి తీర్పు తప్పిన పోటీలూ ఉన్నాయి.

వాటికి నేను బాధపడ్డాను. సిగ్గుపడలేదు.