బావ చెప్పే ప్రమాదం

నెల్లిమర్ల దారిలో నేనెక్కిన ఆటోని లారీ గుద్దాక నా కాలు బాగానే అతుక్కుంది. నేను మాత్రం మళ్లీ ఆటో ఎక్కలేకపోయాను. ఆఫీసుకు నడిచే వెళ్లేవాణ్ణి. ఆరోగ్యం మీద శ్రద్ధ అనుకుని అందరూ మెచ్చుకున్నారు.

చివరికి విజయనగరంలో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. మా వైపు డాక్టరు దగ్గరికి ఎవరూ ఒంటరిగా వెళ్లరు కనుక స్కూటరు మీద బావ తీసుకెళ్లాడు. ఆ కౌన్సెలరమ్మ ఏం జరిగిందని నన్నడిగితే, "ఏటవుతాదండి, లారీ వచ్చి గుద్దీసింది" అని బావ అందుకున్నాడు. ఆ రోజు ఆయన ఆటోలోనే లేడు.

ఆమె నవ్వి బావను బయట కూర్చోబెట్టింది. ఊరందరికీ ఆ కథ బావే చెప్పాడని, నేను ఒక్కసారీ చెప్పలేదని నాకప్పుడు తెలిసింది. మొదట్లో లారీ హారన్ దాకా చెప్పి ఆగిపోయేవాణ్ణి. ఆమె తొందరపెట్టేది కాదు. పాదాలు నేలకు ఆనించి, ఊపిరి తీసుకుని, మళ్లీ చెప్పమనేది. చెప్పగా చెప్పగా, ఆ లారీ ఎప్పుడో వెళ్లిపోయిందని నా ఒంటికి కూడా తెలిసింది.

మొన్న ఇద్దరం ఆటో ఎక్కాం. ఆ మలుపు రాగానే బావ డ్రైవరుతో, "ఇక్కడే మా బావమరిదిని..." అని మొదలుపెట్టాడు.

"ఉండు బావా, నాను సెప్తాను."

"మరి నానేటి సేసీది?" అన్నాడు బావ, కాస్త నొచ్చుకుని.

"నువ్వు ఇను."