గిన్నెలో లావు తీగ

పందొమ్మిది రోజులు కుస్తీ పట్టాక, వీధి చివరి టైలరమ్మ తన బేస్ గిటార్ లావు తీగ మీద గరగర లేని మొదటి స్వరం పలికించింది. అదీ యాభై రెండో ఏట! అప్పటినుంచి ఎవరి గిటార్ మొరాయించినా ఆమె గుమ్మానికే వస్తుంది. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, తీగకూ చెక్కకూ మధ్య సందును చొక్కా కొలిచినంత ఓపికగా చూసి, మరను పావు చుట్టు మాత్రమే తిప్పుతుంది. మొన్న ఆమె మొదటిసారి పొరుగూరి సంగీత మేళాకు బయలుదేరే పొద్దున, ఆమె వాయించే బృందంలోని ఎలక్ట్రీషియన్ సాయం చేయబోయి, కొత్త లావు తీగ కొసను ముందు వంచకుండానే కత్తిరించాడు. లోపలి ఉక్కు తీగకు చుట్టిన సన్న తీగ చుట్లు వదులై అది మూగబోయింది. బస్సుకు గంటే ఉంది.

"కొంప ముంచావు కదరా తమ్ముడూ!" అంటూనే ఆమె, పారేయకుండా దాచిన పాత తీగను మరిగే నీళ్లలో వేసింది.

"పొయ్యి మీద ఏంటే అది?" అన్నాడు భర్త.

"తీగ. జిడ్డు పట్టి గొంతు పూడుకుపోయింది. ఉడికితే వదులుతుంది."

"ఉప్పు వేశావా మరి?"

"మీ నోట్లో వేస్తాను, ముందా తువ్వాలు ఇవ్వండి!"

తుడిచి, బిగించి, మీటింది. అలమరలో గిన్నెలు కూడా ఝుమ్మన్నాయి! బస్సు అందింది. మేళాలో మొదటి రోజే ఆమెను రెండోసారి వాయించమన్నారట. ఆ కబురు భర్త వీధంతా చాటి, ఆమె కుట్టు సుద్దతోనే క్యాలెండర్‌లో తిరిగొచ్చే రోజు చుట్టూ సున్నా చుట్టాడు. పద్నాలుగో తేదీ, శనివారం.