నేను మార్చిన మాట

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మకు వైద్యం చేసిన డాక్టరమ్మ మాట మార్చలేదు. మార్చింది నేను.

మొన్న ఆదివారం మా కింది వాటాలో ఉండే తెలుగావిడ, రొమ్ములో గడ్డ అని తేలిన కాగితాలు పట్టుకుని పైకి వచ్చింది. ఆపరేషన్‌కు ముందే కీమో ఇస్తామన్నారట, అదెలా ఉంటుందో అమ్మను అడగాలని. అమ్మ ఆమెను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, తన కథ మొదలుపెట్టింది. "మందు మంచిగనే పనిజేస్తది వదినా. గని డాక్టర్ల నోటిమాట నమ్మకు. నాకైతె మొదలు కోసుడు లేదన్నది, గడ్డ కరిగినంక కోస్తనన్నది. ఏదైనా కాగితం మీద రాయించుకో." అమ్మ ఇన్నేళ్లుగా వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ చెప్పే కథే ఇది. నేను గిన్నెలు కడుగుతూ ఎప్పటిలాగే ఊరుకున్నాను. ఆవిడ వెళ్లేటప్పుడు మాత్రం మెట్ల దాకా వెళ్లి, ఆసుపత్రికి నేను తోడు వస్తానని, డాక్టర్ చెప్పినదంతా నాతోపాటు మీరూ వినాలని చెప్పాను. అప్పటి నుంచి మనసు ఆ రోజుల్లోనే తిరుగుతోంది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, కరోనా మొదటి ఏడాది ఊళ్లన్నీ ఒక్కసారిగా మూగబోయిన సంగతి. సూరత్‌లో, అందులోనూ మా బమ్రోలిలో, ఆ నిశ్శబ్దం మరీ కొత్త. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. పుట్టినప్పటి నుంచి సాంచాల చప్పుడులోనే నిద్రపోయి అందులోనే లేచినదాన్ని, అవి ఆగిపోయాక, మా నాన్న, అదే బాపు, సొంతూరి నుంచి తెచ్చిపెట్టిన పాత వారపత్రికల్లో పేజీ తిప్పితే ఆ శబ్దానికే ఉలిక్కిపడేదాన్ని. అమ్మకు ఆ తేడా అంతగా తెలియలేదు. సాంచాల షెడ్డులో ఒక మూల బల్ల ముందు నిలబడి, నేసిన బట్టను తడుముతూ తప్పులు పట్టే పని ఇరవై ఏళ్లు చేసిన మనిషి. చెవులు ముప్పాతిక పోయాయి. షెడ్డులో ఎవరికీ ఎవరి మాటా వినపడదు కాబట్టి పెదవుల కదలిక చూసి తెలుసుకోవడం అందరికీ అలవాటు. ఇంట్లోనూ అంతే, నేను ఎటో చూస్తూ మాట్లాడితే అమ్మ గడ్డం పట్టుకుని నా మొహం తనవైపు తిప్పుకునేది. అలాంటి మనిషి ముందు లోకమంతా మూతికి గుడ్డ కట్టుకుని నిలబడింది.

గడ్డను కనిపెట్టింది కూడా అమ్మ వేళ్లే. ఆసుపత్రిలో రోగి వెంట ఒక్కరినే రానిచ్చేవారు. బాపుకు గుజరాతీ కాగితాలు చదవడం రాదు, అందుకని ఇంటికి చుట్టాలొస్తే వెనక గదిలోకి జారుకునే నన్ను పంపారు. అమ్మకు హిందీ తెలుసు, కానీ డాక్టరమ్మ మాస్కూ దానిమీద ప్లాస్టిక్ తెరా వేసుకుని మాట్లాడుతుంటే ఒక్క ముక్కా అందేది కాదు. అన్నీ నేను విని, బయటి వరండాలోకి వచ్చాక, మాస్కు దించి అమ్మకు చెప్పాలి.

మొదటి రోజు, గడ్డ నుంచి సూదితో తీసిన ముక్క రిపోర్టు ముందు పెట్టుకుని డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఇది హార్మోన్ మాత్రలకు లొంగే రకం కాదు, వేగంగా పెరిగే రకం. వేగంగా పెరిగేదే కొందరిలో కీమోకు వేగంగా కరుగుతుంది, కొందరిలో మొండికేస్తుంది. మీ అమ్మ గడ్డ ఏం చేస్తుందో ఈ కాగితం చూసి నేను ఖాయంగా చెప్పలేను, రెండు డోసులయ్యాక స్కాన్ చూస్తే కొంత అంచనా దొరుకుతుంది. అయితే మొత్తం కరిగినట్టు కనిపించినా ఆపరేషన్ మాత్రం తప్పదు, ఎందుకంటే చేతికీ స్కాన్‌కూ దొరకనిది లోపల మిగిలి ఉండవచ్చు. ఇదంతా ఆమె రెండుసార్లు చెప్పింది, అర్థమైందా అని కూడా అడిగింది. నేను తల ఊపాను.

వరండాలో అమ్మ నా మాస్కు తనే కిందికి లాగింది.

"ఏమన్నది?"

"మందుకు కరగచ్చు అన్నది అమ్మా."

"కోసుడు లేదు గద? సూదులైతె ఎన్నన్న ఏసుకుంట. కోస్తనంటె మాత్రం ఇప్పుడే ఇంటికి పోదాం పా."

లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ముందు సూదులు మొదలవనీ, తర్వాత మెల్లగా చెప్పుకుందాంలే అనుకున్నాను. భయస్తులకు అన్నీ తర్వాతే.

కీమోకు ముందు గడ్డలోకి చిన్న లోహపు గింజను పంపారు. గడ్డ కరిగిపోతే అది ఉన్న చోటు తర్వాత తెలియాలి కదా, అందుకు. అమ్మ భయపడుతుంటే నాకు తోచిన పోలికే చెప్పాను. బట్టలో తప్పు కనిపించినచోట అంచుకు రంగు దారం కడతావు కదా, ఇదీ అలాంటిదేనన్నాను. అమ్మ మొహం విప్పారింది. ఆ మాట డాక్టరమ్మకు చెప్పమని నన్ను తోసింది కూడా. నేను చెప్పలేదు, సిగ్గేసింది.

ఆ తర్వాతి నెలలు నా డైరీలో ఒకేలా ఉన్నాయి. మూడు వారాలకొక డోసు, ప్రతి డోసుకు ముందు ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష, ఆటో కోసం రోడ్డు మీద ఎదురుచూపు, ఎండలో దూరదూరంగా వేసిన కుర్చీలు, ఇంటికి వచ్చాక వాంతులు, తలదిండు మీద వెంట్రుకలు. డాక్టరమ్మ పెన్నుతో గడ్డ చుట్టూ గీత గీసి, చిన్న స్కేలుతో కొలిచి చెబితే నేను రాసుకునేదాన్ని. రెండో డోసు తర్వాత స్కాన్ చూసి, దారికొస్తోంది, కానీ ఇప్పుడే సంబరపడొద్దు అంది. నేను అమ్మకు మొదటి ముక్క ఒక్కటే చేర్చాను. అంత అలసిపోయిన మనిషికి రెండో ముక్క ఎందుకనిపించింది. నాకూ అలసటగానే ఉండేది.

ఆఖరి డోసు అయిన కొద్ది రోజులకు అమ్మ నన్ను తలుపు వెనక్కి పిలిచి నా చెయ్యి పట్టుకుని గడ్డ ఉన్నచోట పెట్టించుకుంది. "పోయింది బిడ్డా. జర గట్టిగ ఒత్తి చూడు. దొర్కుతలేదు." నిజంగానే ఏమీ తగల్లేదు. ఆ సాయంత్రమే బాపు ఊరికి రైలు టికెట్లు తీశాడు. ఆపరేషన్ తేదీ కాగితం నా డైరీలో ఉంది. రెండూ ఒకే వారం.

మూడు రోజులు డైరీలో ఎన్నో రకాలుగా రాసి చూసుకున్నాను, అమ్మకు నిజం ఎలా చెప్పాలో. నాలుగో రోజు నోరు తెరిస్తే వచ్చింది ఇది: డాక్టర్ ఇప్పుడు ఆపరేషన్ చెయ్యాలంటోంది.

"ఇప్పుడంటుందా? గిట్ల మాట మారుస్తదా ఆమె?" అంది అమ్మ. "తప్పు పోయినంక అంచు దారం ఇప్పేసి బట్ట తాను పంపిస్తం. పోయిన తప్పుకు బట్టనెందుకు కోస్తరు? నువ్వే చెప్తివి గద."

నా పోలికే నాకు అడ్డం తిరిగింది. నేనే అబద్ధం చెప్పానని ఆ నిమిషంలో అనేస్తే సరిపోయేది. అనలేదు. అమ్మ మర్నాడు తనే డాక్టరమ్మ ముందుకు వెళ్లి, చెవిటివాళ్లు మాట్లాడేంత పెద్ద గొంతుతో, ముందు కోత లేదని ఇప్పుడు కొయ్యాలంటే ఎట్లా అని హిందీలో అడిగింది. "ఆప్ పహలే బోలే, కాటనా నహీ. అబ్ బోల్తే, కాటనా. ఐసా కైసా?" బయట కూర్చున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

డాక్టరమ్మ అమ్మను చూడలేదు, నన్ను చూసింది. నేను నేలను చూశాను. ఆమె లేచి, పక్కనున్న అద్దాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అద్దం మీద పెన్నుతో కొట్టి, అమ్మ తనవైపు తిరిగాక, తెర తీసేసి మాస్కు గడ్డం కిందికి దించింది. ఆ మొహాన్ని మేము చూడడం అదే మొదలు. నేననుకున్నదానికంటే చిన్నవయసు, బుగ్గల మీద మాస్కు నాడాలు ఒత్తుకుపోయిన గీతలు. పెదవులు బాగా కదిలిస్తూ అంది, "మాసీ, గల్తీ మేరీ హై. మైనే పూరా నహీ బతాయా." తప్పు నాది, పూర్తిగా చెప్పలేదు అని. తర్వాత, చేతికి దొరకనంత మాత్రాన లేనట్టు కాదని, కోసి తీసినదాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తేనే మందు ఎంత పనిచేసిందో తెలుస్తుందని ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది. అమ్మ కళ్లార్పకుండా ఆ పెదవులను చూసింది.

బయటికి వచ్చాక, "టికెట్లు వాపస్ చెయ్యుమను మీ బాపును," అంది. ఆటో ఎక్కుతూ, "మనిషి మంచిదే. తప్పు ఒప్పుకున్నది. గని మాట మీద నిలవది," అని కూడా అంది.

ఆపరేషన్ అయింది. తీసిన భాగంలో ఆ గింజ పక్కనే, ఏ వేళ్లకూ దొరకని కొద్దిపాటి జబ్బు మిగిలి ఉందని రిపోర్టు వచ్చింది. ఇంకొన్ని నెలలు కీమో మాత్రలు ఇచ్చారు. అమ్మ ఉంది. చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ అన్నం సరిగా తినం, అంతే.

సూదితో తీసిన ముక్కను చూసి ఏ గడ్డ మందుకు కరుగుతుందో ముందే చెప్పేలా కంప్యూటర్లకు నేర్పుతున్నారని ఈమధ్య చదివాను. మంచిదే, ఆ నెలల ఎదురుచూపు ఇంకొకరికి వద్దు. కానీ ఎంత ముందుగా తెలిసినా, ఆ మాటను గది లోపలి నుంచి వరండా దాకా మోసుకురావలసింది ఎవరో ఒక ఇంటి పిల్లే కదా. మాస్కులు పోయాయి, అందరి పెదవులూ మళ్లీ కనిపిస్తున్నాయి. ఇప్పుడు అమ్మ ఎవరి మాటైనా తనే చదువుకోగలదు, నా అవసరం లేదు. ఆ డాక్టరమ్మ మాత్రం ఈ ఊళ్లో లేదు, అమ్మ కథలో మాట తప్పిన మనిషిగా మిగిలిపోయింది.

మాత్రలు ముగిసిన రోజు డాక్టరమ్మ, తను వేరే ఊరి ఆసుపత్రికి వెళ్లిపోతున్నానని చెప్పింది. అమ్మ బరువు చూసుకోవడానికి పక్క గదిలోకి వెళ్లగానే, "ఆ రోజు..." అంటూ నా తప్పు ఒప్పుకోబోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. ఫైలు మూసి నా చేతికిస్తూ హిందీలో అంది, "తిట్టుకుంటే తిట్టుకోనీ బేటా, మీ అమ్మ బతికి ఉండి తిడుతోంది కదా."