ఫొటో కింది వాక్యం

తెలుగు పీడీఎఫ్‌లో తప్పులు పట్టడానికి కంప్యూటరును నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే. మేం వాడే పాత ఫాంట్లకు అది ఏ మాట చూసినా కింద ఎర్రగీత గీసేది, మా ఓనరు పేరుతో సహా. అందుకని ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక సందులో, ఆ డీటీపీ సెంటర్లో కూర్చొని అన్నీ కళ్లతోనే చదివేదాన్ని. మా నాన్న మిషను బడిలో తెలుగు అయ్యవారు. ఆయన కూతురినన్న ఒక్క కారణంతోనే ఆ కుర్చీ నాకు దొరికింది.

చదవాల్సింది పుస్తకం ఒక్కటే కాదు. ఫైలు పంపితే పుస్తకం వేయించుకునేవాళ్లు ఫోన్లలో చూసి, తెరమీదే పక్కన పసుపురంగు చీటీలు పెట్టి తమ మాట అందులో రాసేవాళ్లు. ఆ చీటీల్లో అక్షరాలు కూడా నేనే దిద్దాలి. ఇంకెక్కడా ఈ ఆచారం ఉండదనుకుంటాను. ఒకసారి ఒక నాయకుడి తమ్ముడు రాసిన చీటీ చూసి వాళ్ల వియ్యంకులు నవ్వారట. ఆయన మనుషులొచ్చి మా ప్రింటరును ఎత్తి నడివీధిలో పడేశారు. తప్పు రాసింది ఆయన, పగిలింది మా ప్రింటరు. అప్పటినుంచి చీటీలు దిద్దాకే ఫైలు ఇంకొకరికి పోయేది.

రాజుపాలెం వైపు ఒక ఊరి పెద్దాయన పోతే, ఏడాది తిరిగే నాటికి ఆయన కొడుకు స్మారక పుస్తకం వేయించాలనుకున్నాడు. పెద్దాయన మంచంమీద సుఖంగానే పోయాడు. ఆయన వెంట తిరుగుతూ ఆయనకు ఆ మంచం దక్కేలా చేసినవాడు మాత్రం, ఫ్యాక్షన్ గొడవల్లో, వేటకొడవళ్లకు అడ్డంపడి చేని గట్టుమీద ముక్కలయ్యాడు. అతని భార్య పిల్లల్ని ఊళ్లో అత్త దగ్గర వదిలి, జమ్మలమడుగులో ఒక హాస్టల్లో వంట చేసేది. పుస్తకం సంగతి విని, మొగుని ఫొటో కొంగులో చుట్టుకొని బస్సెక్కి మా షాపుకే వచ్చింది. పెద్దాయన కొడుకుకు ఫోన్ చేస్తే, వేయండి అన్నాడు. ‘పెద్దాయనను కాపాడుతూ హత్యకు గురైనవారు’ అని ఫొటో కింద టైపు చేసి చదివి వినిపించాను. మళ్లీ చదవమంది.

“ఆ మాట ఒక్కటి ఉంటే సాలు పాపా. తాగి కొట్లాడి సచ్చినాడని ఊర్లో నా పిల్లోళ్లకు చెప్తాండారు. పుస్తకం వాళ్ల చేతిలో పెడతా,” అంది.

పుస్తకం తయారయ్యేలోపు ఎన్నికలొచ్చాయి. నరికిన వర్గమూ, నరికించుకున్న వర్గమూ ఒకే పార్టీలో చేరి ఒకే జీపెక్కాయి. ఆవిష్కరణకు ముఖ్య అతిథి ఎవరయ్యా అంటే, ఆ రోజు కొడవళ్లు పట్టుకున్నవాళ్లను వెంటబెట్టుకొని వచ్చినవాడే. కొడుకు ఇప్పుడు అతన్ని మామా అంటున్నాడు.

ఫైలు చీటీలతో తిరిగొచ్చింది. ఫొటో పక్కన కొడుకు చీటీ: “హత్తె అని ఒద్దు. మామ స్టేజీ మీద ఉంటాడు.” దాని కింద పెద్దాయన బావమరిదిది. పులివెందులలో ఉండే రిటైరైన అయ్యవారు, అక్షరం పొల్లుపోదు: “అనారోగ్యంతో మరణించారు అని మార్చవలెను.” హత్యను హత్య అని సరిగ్గా దిద్ది, ఆ మాట వద్దన్న చీటీని ముందుకు పంపాలి. నాకు ఒళ్లు మండిపోయింది. ఫొటో కింద వాక్యం మాత్రం నేను మార్చనని ఓనరుతో చెప్పాను.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? అక్షరాలు సరిగ్గుండాయా లేదా, అది సూడు,” అని నన్ను లేపి తనే కూర్చొని మార్చేశాడు.

హాస్టలుకు ఫోన్ చేసి ఆమెకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. సభ ఎప్పుడని అడిగి పెట్టేసింది.

ప్రొద్దుటూరులో ఒక కల్యాణమంటపంలో సభ. ముఖ్య అతిథి శాలువా కప్పుకొని, పోయినవాళ్లంతా తనకు అన్నదమ్ములే అన్నాడు. పోయినోళ్లందరూ మంచోళ్లే కదా, అందులోనూ మనం పంపినవాళ్లయితే మరీను. తర్వాత ఆమెను పైకి పిలిచి పుస్తకం, చీర చేతికిచ్చాడు. ఆమె చీరను బల్లమీద పెట్టేసింది. పేజీలు తిప్పి, మొగుని ఫొటో ఉన్నచోట ఆపి, పుస్తకాన్ని అతని ముందుకు జరిపింది. నాకు చదువు రాదప్పా, కింద ఏం రాశారో చదవమంది. మైకు అతని మూతి ముందే ఉంది. చదవక తప్పలేదు.

“అనారోగ్యంతో మరణించారు.”

“ఏం రోగమప్పా అది? నువ్వు ఆడే ఉంటివి కదా,” అంది ఆమె.

గొంతు పెంచలేదు, కన్నీళ్లూ పెట్టలేదు. అతను శాలువా సర్దుకున్నాడు. చివరికి కొడుకు మైకు లాక్కొని భోజనాలు రెడీ అన్నాడు, జనం కుర్చీలు జరుపుకుంటూ లేచారు. ఆమె గెలిచిందని నేను సంబరపడిపోయాను, ఆ పూట అన్నం కూడా సహించింది.

రెండు రోజులకు అదే ఫైలు మళ్లీ వచ్చింది. కాపీలు చాలలేదట, ఇంకో విడత వేయాలట. ఫొటో పక్కన కొడుకు కొత్త చీటీ పెట్టాడు: “ఏ రోగమో అడుగుతాండారు. గుండె నొప్పి అని రాయండి.” కింద పులివెందుల అయ్యవారు, గుండెపోటు అనుట సబబు అని రాశాడు. ఓనరు అదే టైపు చేసి ప్రెస్సుకు పంపాడు. ఊళ్లో ఇంటింటికీ పంచారు. ఆమె పిల్లలు చదివే బడికి కూడా ఒక కట్ట పంపించారు.