గట్టు మీద మోగిన మోటారు

నేను గుడివాడలో పుట్టి, డిగ్రీ చదివి, మంగినపూడి అవతల సముద్రం ఒడ్డునున్న ఊరికి కోడలిగా వచ్చాను. మా నాన్నది చెరువు చేపల వ్యాపారం. సముద్రమంటే కార్తీక పౌర్ణమికి స్నానానికి వెళ్ళే చోటనుకునేదాన్ని. అది మా ఆయన రోజూ వెళ్ళే ఆఫీసని పెళ్ళయ్యాక తెలిసింది. ఆ ఆఫీసుకి ఎండాకాలంలో సెలవులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు వేట ఆపేస్తారు. ఆ రెండు నెలలూ బోటు గట్టు మీద ఉంటుంది, మోటారు మా వరండాలో గోనెపట్టా కప్పుకుని పెద్దమనిషిలా కూర్చుంటుంది. వచ్చిన చుట్టాలకి కుర్చీ లేకపోయినా దాన్ని మాత్రం కదపకూడదు.

వేట మొదలయ్యే పొద్దున బోటుకి పూజ చేస్తారు. ముక్కుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండ కట్టి, కొబ్బరికాయ కొట్టడం ఈ తీరమంతా ఉన్నదే. మా ఊళ్ళో ఇంకొకటి ఉంది. బోటు ఇంకా గట్టు మీద ఉండగానే మోటారు తాడు లాగి ఒకసారి మోగిస్తారు. ఈ ఆచారం పెట్టింది మా అత్తగారే. ఊళ్ళోకి మొదట మోటారు కొన్నది మా మావగారట. కొత్తకోడలు గడప దాటే ముందు మొగుడి పేరు చెప్పిస్తాం కదా, మరి గంగమ్మ గడప తొక్కబోయే మోటారు పేరు చెప్పకుండా ఎట్టా పోద్ది అన్నదట ఆవిడ. ఆ మాట అందరికీ నచ్చింది. అప్పట్నుంచి ఒడ్డు పొడుగునా ఎన్ని మోటార్లుంటే అన్నీ పేర్లు చెప్పే దిగుతాయి. నాకూ నచ్చిన మాటే అది.

ఈ ఏడు కూడా మా మోటారు పేరు చెప్పింది, బోటు దిగింది, గంట తిరక్కుండానే వెనక్కి వచ్చింది. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటాలు ఎప్పుడూ ఎగిరెగిరి పడుతుంటాయి. సరిగ్గా అక్కడ మోటారు పొగలు కక్కి ఆగిపోయింది. బోటు అడ్డం తిరిగిందట. ఇంకో రెండు కెరటాలు తగిలితే ఏమయ్యేదో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఆయన స్నానం చేసొచ్చి, పెట్టిన అన్నం కెలికి లేచిపోయాడు. నాకు భయమేసింది. చాలా భయమేసింది. ఈ మాట రాయడానికి సిగ్గేమీ లేదు.

అత్తగారు మాత్రం కారణం అప్పటికే కనిపెట్టేసింది. "ఈసారి మోటారు ఇట్టా మోగించి అట్టా ఆపేశారు. గంగమ్మ చెవికి ఆనలేదు. ఎల్లుండి మళ్ళీ పూజ చేద్దాం. హారతి కర్పూరం కొండెక్కిందాకా మోగాల్సిందే" అంది. అంతటితో ఆగిందా? ఇంటింటికీ వెళ్ళి అందర్నీ మళ్ళీ మోగించమని చెప్పింది. ఒక బోటు అడ్డం తిరిగితే మిగతా వాళ్ళకి నిద్ర పట్టదు కాబట్టి అందరూ సరేనన్నారు.

మర్నాడు మా ఆయనా నేనూ బందరు వెళ్ళాం. మోటారు సామాన్ల కొట్టాయన మా ఆయన చెప్పింది విని, "నీళ్ళ పంపు రబ్బరు పోయుంటదండీ. గట్టు మీదేమన్నా నడిపారా?" అన్నాడు.

"అబ్బే, లేదండీ" అన్నాడు మా ఆయన, గోడ మీద దేవుడి పటం వైపు చూస్తూ.

నేను ఉలిక్కిపడ్డాను. మా పుట్టింట్లో బోరులో నీళ్ళు లేనప్పుడు మోటారు వేస్తే మా అమ్మ మా వీపులు విమానం మోత మోగించేది. ఇన్నేళ్ళూ హారతి కళ్ళకద్దుకుంటూ నేనెందుకు ఆ సంగతి ఆలోచించలేదో! దేవుడి పని కదా, బుర్ర గుమ్మం బయట వదిలేసి వెళ్ళానేమో. "నడిపితే ఏమవుద్దండీ?" అని అడిగాను.

"లోపల తిరిగే రబ్బరు రెక్కలకి నీళ్ళే నూనెండీ. నీళ్ళు లేకపోతే క్షణాల్లో అంచులు మాడతాయి. ఒకసారికి తెగకపోయినా ఏటా అట్టా మాడి మాడి ఒకనాటికి తెగిపోతాయి. ఇక ఇంజనుకి నీళ్ళెక్కవు" అన్నాడాయన.

మధ్యాహ్నం వరండాలో మోటారు విప్పాం. అత్తగారు ఊరు తిరగడానికి వెళ్ళింది. ఉప్పుకి బిగుసుకుపోయిన బోల్టులు రెండు ఊడడానికే చాలా సేపు పట్టింది. మా ఆయన తిట్లు విన్నాక అవే సిగ్గుపడి ఊడాయనుకుంటాను. మోటారు కింది కాలు మొత్తం జారి చేతిలోకొచ్చింది. దాని పైన గిన్నెలాంటి మూత, మూత కింద మా శత్రువు. అరచేతిలో పట్టే నల్లటి రబ్బరు పువ్వు, దాన్ని ఇంపెల్లర్ అంటారు. ఆరు రెక్కలుండాలి, నాలుగే ఉన్నాయి. ఆ నాలుగూ కూడా అంచులు కాలి, గట్టిపడి, మాడిన అప్పడంలా ఉన్నాయి. తెగిన రెక్కల ముక్కలు నీళ్ళ దారిలో ఇరుక్కుని ఉంటాయని కొట్టాయన ముందే చెప్పాడు. సైకిలు పుల్లతో పొడిచి పొడిచి రెండూ బయటికి లాగాం.

బందర్లో కొన్న కొత్తదానికి సబ్బు నురగ రాసి, ఇరుసుని తిరిగే వైపే మెల్లగా తిప్పుతూ మూత కిందికి నొక్కాలి. అప్పుడే రెక్కలన్నీ ఒకే వైపు ఒరుగుతాయి. ఈలోగా ఇంపెల్లర్‌ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న తాళం ముక్క, గోరంత ఉంటుంది, మా ఆయన చేతిలోంచి జారి వరండా కింది ఇసకలో పడింది. ఎండురొయ్యల్లో రాళ్ళేరే చేట తెచ్చి ఇసకంతా చెరిగాను. దొరికింది. "డిగ్రీ దేనికన్నా పనికొచ్చింది" అన్నాడు మా ఆయన. చేట నెత్తిన వేసేదాన్నే, మోటారు అడ్డమొచ్చింది.

బిగించడం అయ్యాక అసలు సంగతి ఎత్తాను.

"బావా, మీ అమ్మకి చెప్పు. రేపు గట్టు మీద మోగిస్తే ఇదీ మాడిపోద్ది."

"నేను చెప్పలేను. తాడు లాగినట్టు లాగి, అంటుకోవట్లేదమ్మా అంటా."

"పూజలో మోటారు అంటుకోకపోతే అపశకునమని ఈ నెలంతా నిన్ను ఒడ్డు దాటనివ్వదు."

"అయితే నువ్వే చెప్పు" అని లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు. కెరటాల మీదికి వెళ్ళే మగవాడు వాళ్ళమ్మ ముందు ఇంతే. నేను మాత్రం ఎంత ధైర్యవంతురాలిని? ఆ సాయంత్రం మూడుసార్లు అత్తగారి దగ్గరికి వెళ్ళి, మూడుసార్లూ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి వచ్చాను.

పొద్దున్నే ఒడ్డంతా ఆడవాళ్ళు, పళ్ళాలు, అగరొత్తుల పొగ. మొదటి పూజ మాదే కావాలని అందరూ ఆగారు. అత్తగారు కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించింది. "లాగరా" అంది కొడుకుతో. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపుకి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే వెళ్ళి తాడు మీద చెయ్యి వేశాను.

"వద్దత్తా."

నేను కొంగు ముడి విప్పి, పాత ఇంపెల్లర్ ఆవిడ చేతిలో పెట్టాను. ఇది నీళ్ళు తోడి ఇంజనుని చల్లబరిచేదనీ, నీళ్ళు లేకుండా తిప్పితే ఇలా అవుతుందనీ చెప్పాను.

ఆవిడ బొటనవేలితో ఒక్కో రెక్కా తడిమింది. తెగిన చోట వేలు ఆగింది.

"మొన్న మొగలో ఆగింది దీనివల్లేనా?" అంది.

"అవునత్తా."

"నేను మోగించమనబట్టేనా?"

నేను వంగి కొబ్బరిచిప్పలు ఏరడం మొదలుపెట్టాను. కొడుకు తలొంచుకుని బోటు అంచు తుడుస్తున్నాడు, అక్కడ తుడవాల్సిందేమీ లేదు. పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది. ఆవిడ ఏడుస్తుందేమోనని భయపడ్డాను, నన్ను తిడుతుందేమోనని ఇంకా భయపడ్డాను.

"నీళ్ళలోకి దింపండి" అంది.

నలుగురూ పట్టి బోటు దింపారు. మా ఆయన తాడు లాగాడు. రెండోసారికి అంటుకుంది. కాసేపటికి మోటారు వెనకనుంచి సన్నటి నీటిధార బయటికి దూకింది. నీళ్ళు ఇంజన్లోకి ఎక్కి తిరిగొస్తున్నాయనడానికి అదే గుర్తు. అత్తగారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, మళ్ళీ కర్పూరం వెలిగించి హారతిచ్చింది. బోటు మొగ దాటిందాకా కొడుకు మీదినుంచి కళ్ళు తిప్పలేదు.

తర్వాత తడిసిన చీరతోనే ఒడ్డెక్కి పక్క బోటు దగ్గరికి నడిచింది. అక్కడ వరసకి వదినయ్యే ఆవిడ కొడుకు తాడు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అత్తగారు ఆ చేతిని పక్కకి తప్పించి, మాడిన ఇంపెల్లర్ అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"మోగించొద్దు వదినా. మొన్న నా కొడుకుని మొగలో ఆపింది గంగమ్మ కాదు. నేను."